మిద్దెమీద నర్సింలు సినిమా

మా బిల్డింగ్‌లో పన్నెండు ఇళ్లున్నాయి. తెలుగు అర్థమయ్యేది మా ఒక్క ఇంటికే. మిగతావాళ్లలో మలయాళీలు ఎక్కువ, తర్వాత పాకిస్తానీలు, రెండు ఈజిప్టు కుటుంబాలు. అందుకే మిద్దెమీది మాటలు అందరి చెవినా పడినా విన్నది మాత్రం నేనొక్కదాన్నే. మిగతావాళ్లు ఎవరో గొడవపడుతున్నారనుకుని కిటికీ మూసుకుని ఉంటారు. నాకు అర్థమయ్యాయి కాబట్టి మూసుకోలేకపోయాను.

సౌదీలోని అల్ ఖోబర్‌లో మేముండేది మూడో అంతస్తులో, సరిగ్గా మిద్దె కింద. వంటింటి కిటికీ తెరిస్తే వీధి కనిపించదు, మన్వర్ కనిపిస్తుంది. బిల్డింగ్ మధ్యలో వెలుతురు కోసం కింది నుంచి పైదాకా వదిలిన ఖాళీని ఇక్కడ మన్వర్ అంటారు. ఎవరింట్లో ఏం తాలింపు పెట్టారో, ఎవరు ఎవరిని తిట్టారో అందులోంచే తెలుస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు నడుము ఆపరేషన్ అయింది. ఆ నెలలో ఆగిన బడి మళ్లీ మొదలు కాలేదు. ఆరేళ్లుగా ఆ కిటికీ దగ్గరే నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, వింటాను.

మా బిల్డింగ్ హారిస్ పేరు నర్సింలు. హారిస్ అంటే వాచ్‌మన్ ఒక్కటే కాదు. మెట్లు తుడవాలి, చెత్త దించాలి, నీళ్ల మోటర్ వెయ్యాలి, ట్యాంకులు చూసుకోవాలి. ఆయనది జగిత్యాల దగ్గర ఒక ఊరు. యాభై దాటాయి. సన్నగా, పొట్టిగా ఉంటాడు. మెట్ల మీద ఎవరు ఎదురైనా గోడకు ఆనుకుని దారి ఇస్తాడు. నేను ఎదురైతే మాత్రం ఒక మాట అంటాడు.

"మెట్లు తడున్నయి బిడ్డా, పైలం."

నేను సలాం చేసి వెళ్లిపోతాను. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు దాదాపు అంతే. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అసలు ఆయనకు పెంచడానికి గొంతుందని కూడా అనుకోలేదు.

మొదట నాకు అనుమానం తెప్పించినవి చెప్పులు.

ఏప్రిల్‌లో ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బట్టలు తీయడానికి మిద్దె ఎక్కాను. నర్సింలు గది మిద్దెమీదే, నీళ్ల ట్యాంకుల వెనక. తలుపు ముందు ఆయన నీలం హవాయి చెప్పులు ఉన్నాయి. వాటి పక్కన ఇంకో జత ఉంది. గోధుమరంగు తోలు చెప్పులు, మడమ ఒక పక్కకు అరిగిపోయి ఉన్నాయి. నా రెండు పాదాలూ ఒక్కదాంట్లో పడతాయి, అంత పెద్దవి.

బయటివాళ్లు మిద్దె ఎక్కకూడదని ఓనర్ అబూ నాసర్ గట్టిగా చెప్పి ఉన్నాడు. ఇంతకుముందున్న హారిస్ తన ఊరివాళ్లను రహస్యంగా పైన పడుకోబెట్టాడు. వాళ్లలో ఇద్దరికి ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్ కార్డు, లేదు. చెకింగ్‌లో దొరికారు. ఆ హారిస్‌కు వారంలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టి వాళ్ల దేశానికి పంపేశారు. ఈ సంగతి బిల్డింగ్‌లో అందరికంటే నర్సింలుకే బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఖాళీలోకే ఆయన వచ్చాడు.

మర్నాడు మెట్ల తలుపు సందులోంచి చూశాను. ఆ చెప్పుల మనిషి కింద పార్కింగ్‌లో కార్లు కడిగే హారూన్. ఆఫ్రికాలో చాద్ దేశం వాడు. ఆరడుగుల పైన ఉంటాడు, నల్లగా, భుజాలు తలుపంత వెడల్పు. నిజం చెప్పాలి. అవి ఏ మలయాళీ చెప్పులో అయితే నేను అంత ఆలోచించేదాన్ని కాదు.

ఆ తర్వాత చప్పుళ్లు వినిపించసాగాయి. రోజూ అసర్ తర్వాత, పొద్దుగూకాక చేసే మగ్రిబ్‌కు ముందు. మా వంటింటి కప్పు మీద ధబ్బుమని ఏదో పడేది. మళ్లీ లేచేది. పరుగు. మళ్లీ ధబ్బు. నేను పిండి కలుపుతూ చేతులాపి వినేదాన్ని. మూడో రోజు కిటికీ పూర్తిగా తెరిచాను. నర్సింలు గొంతు మన్వర్‌లోకి దిగింది.

"గా తెల్లపొడి సంగతి పోలీసోనికి ఎవడు జెప్పిండ్రా? నువ్వేనా?"

"లా వల్లాహ్!" అని హారూన్. కాదు, దేవుడి మీద ఒట్టు అని.

"అడ్డమొస్తే పానం దీస్త బిడ్డా! ట్యాంకి కింద వెట్టిన సరుకు. రేపు బండి వస్తది. గల్లీ గల్లీకి పంచుడే."

ధబ్బు. ఎవరో మూలిగారు.

నా చేతి నుంచి జల్లెడ జారింది. ఈ దేశంలో తెల్లపొడి అనే మాట ఎవరూ గట్టిగా అనరు. దానికి శిక్ష ఏమిటో కూలికి వచ్చినవాడి నుంచి ఇంజనీరు దాకా అందరికీ తెలుసు. అలాంటిది ఈ మనిషి నడిమిద్దె మీద నిలబడి అరుస్తున్నాడు. ఎందుకు అరుస్తున్నాడో కూడా నాకు వెంటనే అర్థమైంది. తన భాష ఇక్కడ ఎవరికీ రాదని ధైర్యం. మేం తెలుగువాళ్లమని ఆయనకు తెలుసు గానీ మా కిటికీ పైనుంచి చూస్తే ఎప్పుడూ మూసినట్టే ఉంటుంది. దాని వెనక నేను వింటున్నట్టు ఎవరికీ తెలియదు.

పొద్దున ఆయన చెత్త దించడానికి వెళ్లినప్పుడు బట్టల బకెట్ పట్టుకుని పైకెళ్లాను. మొదటి ట్యాంకు కింద ఏమీ లేదు. రెండో ట్యాంకు కింద చెయ్యి పెట్టి తడిమితే మెత్తగా తగిలింది. ప్లాస్టిక్ సంచి. మూతి దారంతో బిగించి కట్టి ఉంది. లోపల తెల్లటి పొడి. ఉన్నదాన్ని ఉన్నట్టే పెట్టేసి వచ్చి చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. వాసన లేకపోయినా మళ్లీ కడుక్కున్నాను.

ఆ సాయంత్రం నర్సింలు కుంటుతూ మెట్లు తుడిచాడు. మోచేతికి ప్లాస్టర్ ఉంది.

మా నాయన కాలేషా కాంట్రాక్టు కంపెనీ బస్సు నడుపుతాడు. తెల్లవారకముందే రాస్ తనూరాకు వర్కర్లను ఎక్కించుకుని వెళ్తాడు. ఆ రోజు వచ్చి కాళ్లు కడుక్కోగానే చెప్పేశాను.

"మ్మే, సరిగ్గా ఇన్యావా నువ్వు?" అన్నాడు నాయన.

"ఇన్యా నాయనా. పొట్లం కూడా చూసినా."

"ఆ నర్సింలా? చీమొచ్చినా పక్కకు జరిగి దావ ఇచ్చే మనిషి గదమ్మే."

అమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "అట్లా జరిగేటోళ్లనే నమ్మకూడదు. నోరు మూసుకోండి ఇద్దరూ. మనకేం పని?"

నాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నోరు మూసుకుంటే సరిపోదు జబీ," అన్నాడు అమ్మతో. "రేపు పట్టుబడినాడనుకో. మొదుట మనల్నే అడుగుతారు. ఒక్క బాస మాట్లాడేటోళ్లు, వాడు పైన, మీరు కింద, మీకు తెలీకుండా ఎట్లా జరిగిందయ్యా అంటారు. ఏం చెప్తావు?"

నాయన శుక్రవారం జుమ్మా అయ్యాక మసీదు బయట అబూ నాసర్‌ను పక్కకు పిలిచి చెప్పాడు.

పోలీసును పిలవకముందు తన చెవులతో వినాలన్నాడు ఓనర్. శనివారం అసర్ తర్వాత ఒక్కడే వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, తోబు అనే తెల్లటి పొడుగంగీ, చేతిలో తస్బీహ్ జపమాల. బతుకులో మొదటిసారి ఒక సౌదీ మనిషి మా వంటింట్లో నిలబడ్డాడు, పప్పు కుక్కర్ పక్కన. అమ్మా నేనూ లోపలి గదిలోకి వెళ్లాం. నేను తలుపు వేలెడంత తెరిచి ఉంచాను.

చప్పుళ్లు మొదలయ్యాయి. నర్సింలు గొంతు దిగింది.

"సరుకు ఏడరా?"

"సరుకు ఎక్కడ అంటున్నాడు," అని నాయన తన డ్రైవర్ అరబ్బీలో చెప్పాడు. చెప్తూ కిటికీ వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు.

"నిన్ను సంపి గోనెసంచిల కుక్కుత!"

"చంపి... సంచిలో పెడతాడట."

ఓనర్ తస్బీహ్ తిప్పడం ఆపేశాడు.

"ఆగాగు హారూన్, మోటర్ బంద్ జేసి వస్త. ట్యాంకి నిండింది."

నాయన నోరు తెరిచి మూశాడు. "మోటర్ ఆపి వస్తానంటున్నాడు," అన్నాడు మెల్లగా. పైన మోటర్ చప్పుడు నిజంగానే ఆగింది. ఓనర్ కనుబొమలు పైకి లేచాయి. తర్వాత మళ్లీ ధబ్బుమని పడింది, "చెప్తవా సస్తవా!" అని అరుపు వినిపించింది. ఓనర్ చెప్పులేసుకుని మెట్లెక్కాడు. నాయన వెనకే వెళ్లాడు. నేను అబాయా తగిలించుకుని వాళ్ల వెనక వెళ్లాను. అమ్మ పిలుస్తూనే ఉంది.

మెట్ల తలుపు దగ్గరే ఆగిపోయాను. అక్కడి దృశ్యం ఇలా ఉంది. నర్సింలు వెల్లకిలా పడి ఉన్నాడు. హారూన్ ఒక పాదం ఆయన ఛాతీ మీద పెట్టి నిలబడ్డాడు. ఆ ఎండలో, చలికాలం సెక్యూరిటీవాళ్లకిచ్చే పొడవాటి నల్లకోటు వేసుకుని ఉన్నాడు. చెమట ధారగా కారుతోంది. నర్సింలు తలకు ఎర్రగుడ్డతో కట్టిన టోపీ. కొంచెం దూరంలో ట్యాంకు నిచ్చెనకు మెట్లు తుడిచే మాప్ తలకిందులుగా ఆనించి ఉంది, దాని నూలుపోగులు పైకి గుబురుగా విచ్చుకున్నాయి. దాని కర్రకు ఒక పూల తువ్వాలు చుట్టి ఉంది.

ఓనర్‌ను చూసి హారూన్ పాదం తీశాడు. నర్సింలు లేవబోయి లేవలేక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ట్యాంకు కింద ఏముంది?" అన్నాడు అబూ నాసర్.

"ఏం లే... సినిమా. వల్లా సినిమా." ఆయనకు ఉన్న అరబ్బీ అంతా ఆ క్షణంలో పోయినట్టుంది. "సినిమా, సినిమా," అని అదే మాట అంటూ చేతులు ఊపుతున్నాడు.

"ఏ సినిమా? పేరేమిటి?"

నర్సింలు హారూన్ వైపు చూశాడు. హారూన్ నర్సింలు వైపు చూశాడు. ఇద్దరికీ పేరు తెలియదు.

ఓనర్ వంగి రెండో ట్యాంకు కింద నుంచి పొట్లం లాగాడు. దారం తెంపాడు. తెల్లటి పొడి. ఆయన ముఖం మారిపోయింది. పొట్లం ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచేత్తో ఫోను తీశాడు. హారూన్ కోటు జేబులోంచి ఇఖామా కార్డు తీసి ముందుకు చాపాడు. ఓనర్ దాన్ని చూడలేదు. నర్సింలు మాత్రం ఆ ఫోనునే చూస్తున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. అరవలేదు, ఏడవలేదు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నది వచ్చిందన్నట్టు చూస్తున్నాడు.

పొట్లం మూతి తెరుచుకుని ఎండలో ఉంది. అంచు మీద ఒక గోధుమరంగు చుక్క కదిలింది. ఇంకోటి. ఆరేళ్లుగా రోజూ నేను జల్లెడ పట్టి ఏరి పారేసేవి అవే.

"తహీన్," అన్నాను.

ఎవరికీ వినపడలేదు.

"తహీన్! పిండి అది! మైదా! పురుగులుండాయి చూడండి!" సగం అరబ్బీ, సగం తెలుగు. నాయన నా వైపు తిరిగి చూశాడు. ఆయన కూడా నా గొంతు అంత గట్టిగా ఎప్పుడూ విని ఉండడు.

ఓనర్ పొట్లంలోకి చూశాడు. వేలితో కొంచెం తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. పురుగు ఆయన గోటి మీదికి ఎక్కింది. దాన్ని ఊదేశాడు. ఫోను జేబులో పెట్టలేదు గానీ చెయ్యి కిందికి దించాడు.

"సినిమా అన్నావు కదా," అన్నాడు. "మొదటి నుంచీ చెయ్యండి. చూస్తాను."

ఆ విధంగా నేను నర్సింలు సినిమా చూశాను. హారూన్ హీరో. నర్సింలు మిగతా అందరూ. ఎర్రటోపీ పెడితే హీరో దోస్తు, తీస్తే విలన్ మనుషులు. హారూన్ మిద్దె ఈ చివర నుంచి ఆ చివరకు ఊరికే నడిచాడు, కోటు అంచులు ఊపుకుంటూ, ఎవరి కోసమూ పక్కకు జరగకుండా. అప్పుడు నర్సింలు నోటితో వాద్యం వాయించాడు. తర్వాత తెల్లపొడి ముఠా. తర్వాత కాళ్లతో, చేతులతో కొట్లాట. నర్సింలు గాల్లో ఒక కాలు తిప్పాడు. యాభై దాటిన మనిషి పాదం తన తల కంటే పైకి వెళ్లింది. మధ్యలో గాలికి మాప్ పడిపోయింది.

"బిడ్డా, ఆమెను పట్టుకోవా జర," అన్నాడు నర్సింలు ఆయాసపడుతూ.

"ఎవర్ని?"

"గదే, మాప్. హీరోయిన్ ఆమె. ఆమెకు గింత జుట్టుంటది. ఆమె గూడ కొడ్తది."

నేను వెళ్లి మాప్ నిలబెట్టి పట్టుకున్నాను. ఓనర్ ముందు, నాయన ముందు, పరాయి మగవాళ్ల ముందు, నూలుపోగుల జుట్టున్న ఆ ఆడమనిషి వెనక దాక్కుని నిలబడ్డాను.

చివరి సీను. విలన్లంతా చచ్చారు. హీరో అలసిపోయి కూర్చున్నాడు. ఎర్రటోపీ దోస్తు వెనక నుంచి వచ్చి జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు తీశాడు. హీరో చేతి గాయానికి కట్టాడు. అయిపోయింది.

అబూ నాసర్ ఫోను జేబులో పెట్టాడు.

"తప్పు," అన్నాడు. "ముగింపు తప్పు. ఈ సినిమా నాకు తెలుసు. చిన్నప్పుడు మా వీధిలో వీడియో షాపుండేది, కుంగ్‌ఫూ చేసే అమెరికా నల్లవాళ్ల సినిమా క్యాసెట్లన్నీ అక్కడే తెచ్చుకునేవాళ్లం. టోపీవాడు జేబులోంచి తీసేది పిస్తోలు. వాడు మొదటి నుంచీ ముఠా మనిషే. హీరో కదలికలన్నీ వాళ్లకు చేరవేసింది వాడే."

నాయన తెలుగులో చెప్పాడు. నర్సింలు టోపీ చేతిలో పట్టుకుని అడ్డంగా తలూపాడు.

"గట్ల జెయ్యడు. ఓనర్ వేరే సినిమా చూసిండు. మా టోపీ దోస్తు గసొంటోడు కాదు."

ఈ మాట నాయన అరబ్బీలోకి మార్చలేదు.

ఓనర్ హారూన్ ఇఖామాను ఫోటో తీసుకున్నాడు. మగ్రిబ్ లోపల రావచ్చు, పడుకోకూడదు అన్నాడు. ట్యాంకు కింద ఇంకెప్పుడూ ఏమీ పెట్టొద్దన్నాడు. దిగేటప్పుడు నావైపు ఒకసారి చూసి తల పంకించాడు. నర్సింలు ఉద్యోగం నిలబడింది.

ఆ తర్వాత ఆయన గురించి నేను తెలుసుకున్నవి హారూన్ చెప్పగా కొన్ని, ఆయనే మెట్ల మీద కూర్చుని చెప్పగా కొన్ని. ఆ మొదటి రోజుల్లో నేనంటే ఆయనకు పట్టలేని ప్రేమ. పురుగులు చూసి కాపాడిన బిడ్డను కదా.

ఆయన ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్లు. మొదట బురైదా దగ్గర ఖర్జూర తోటలో పని. హారూన్ అక్కడే గొర్రెలు కాసేవాడు. మైళ్ల దూరంలో ఇంకో మనిషి లేడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. మోటర్ షెడ్డులో యజమాని కొడుకు వదిలేసిన టీవీ, వీసీఆర్ ఉన్నాయి. క్యాసెట్టు ఒక్కటే. అట్ట లేదు, పేరు లేదు. జనరేటర్ ఆడే రెండు గంటలూ అదే సినిమా, ఆరేళ్లు. ఇంగ్లీషు ఇద్దరికీ రాదు. ఎవరు ఎవరితో ఏమంటున్నారో ఇద్దరూ కలిసి కల్పించుకున్నారు. టోపీ దోస్తు జేబులో చెయ్యి పెట్టే దగ్గర టేపును వీసీఆర్ నమిలేసింది. అక్కడి నుంచి తెర మీద చుక్కలే. రుమాలు నర్సింలు కల్పనే.

"గంత మంచిగుంటదా మామా ఆ సినిమా?" అని ఆయన యాసలోనే అడిగాను.

"మంచిగ ఏంది బిడ్డా, గాయన నడుస్తడు సూడు మొదట, గది సాలు. ఎవ్వనికి పక్కకు జరగడు. దుకాణంలకు పోతే దుకాణపోడు ఎంటనే సామాన్లు సదురుకుంటడు, ఈడు ఏమన్న ఎత్కపోతడేమో అని. గా చూపు మనకు ఎరుక లేదా? గాయనకు గూడ ఎరుకే. అయినా నడుస్తడు. చేతుల కత్తి లేదు, తుపాకి లేదు. కాళ్లు చేతులే. మన దగ్గర ఉన్నయి గూడ గవే గదా."

ఇంటికి ఫోన్ చేస్తే భార్య అంజవ్వ ఇప్పటికీ తిడుతుందట. నేను పక్కనుండగానే ఒకసారి స్పీకర్లో వినిపించాడు. "గా కోటోని ముచ్చట్లేనా ఇంకా? ఎగురుతవ్, నడుం ఇరుగుతది, గప్పుడు కోటోడు వచ్చి కట్టు కడ్తడా?" అంది ఆమె. నర్సింలు మురిసిపోతూ నవ్వాడు.

తోట వదిలాక ఇద్దరూ చెరో దిక్కు వెళ్లారు. పద్దెనిమిదేళ్లు కలవలేదు. పోయినేడు పార్కింగ్‌లో ఒక మనిషి నీళ్ల బకెట్‌ను మడమతో తిప్పి పక్కకు జరపడం నర్సింలు పైనుంచి చూశాడట. అలా తిప్పేది లోకంలో ఇద్దరే. మాప్ వదిలేసి మూడంతస్తులు దిగి పరుగెత్తాడు.

నేను ఫోన్‌లో ఆ సినిమా కోసం వెతికాను. పొడవు కోటు, గుండ్రటి జుట్టు, కరాటే అని కొడితే అలాంటివి లెక్కలేనన్ని వచ్చాయి. ఒక్కోటీ మెట్ల మీద ఆయనకు చూపించాను. "మంచిగనే ఉన్నది, కాని మనది గాదు," అనేవాడు. నేను మాత్రం రాత్రి వంట అయ్యాక వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. దాదాపు అన్నిట్లోనూ మొదట హీరో వీధిలో నడుస్తాడు. ఎంతసేపైనా నడుస్తాడు. అందరూ అతన్ని అనుమానంగా చూస్తారు. ఒకదాంట్లో పెద్ద జుట్టున్న ఆడమనిషి కిటికీ తెరిచి బయటికి చూసి, ఒక్క ఊపులో వీధిలోకి దూకింది. దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆమెను కూడా చూసే కళ్లున్నాయి ఆ వీధిలో, కిటికీల వెనక. ఆ కళ్లు ఎలాంటివో నాకు తెలుసు.

మూడో రోజు నుంచి నర్సింలు మా నాయన సలాంకు బదులివ్వడం మానేశాడు.

అది రావలసిందే. ఓనర్ మా ఇంట్లోంచే పైకి వచ్చాడని ఆయనకు తెలిసింది. తెలుగు వచ్చిన ఇల్లు ఒక్కటే అని లెక్కేసుకోవడానికి ఎంతసేపు? నాయన మెట్లెక్కుతుంటే ఆయన గోడకు ఆనుకోకుండా మెట్టు మధ్యలోనే నిలబడి తుడిచేవాడు. నాయనే పక్కకు జరిగి వెళ్లేవాడు. ఒకరోజు, "మంచి మనిషిని పోగొట్టుకుంటిమి," అన్నాడు చెప్పులు విప్పుతూ. నా పేరు ఎత్తలేదు.

మర్నాడు మెట్ల మీద ఆగాను.

"నర్సింలు మామా, మా నాయన కాదు. కిటికీలోంచి ఇనింది నేను. పొట్లం చూసింది నేను. నాయనకు చెప్పింది నేనే."

ఆయన మాప్ ఆపాడు. నా ముఖం వైపు చూసి, ఆ తర్వాత నా చేతుల వైపు చూశాడు, ఆ రోజు మాప్ పట్టుకున్న చేతుల వైపు.

"నువ్వా?"

"ఊఁ."

"నీ నాయన అనుకున్న. డ్రైవర్ మనిషి, పోలీసోడంటె భయముంటది, పోనీలే అనుకుంటున్న." మెల్లగా నీళ్లు పిండాడు. "నువ్వు దినాం సలాం జేస్తవ్ గద బిడ్డా."

నేను గోడకు జరిగి దారి ఇచ్చాను.

"ఓనర్ జెప్పిందే నిజమేమో," అన్నాడు బకెట్ ఎత్తుకుంటూ. "టోపీ దోస్తు సంగతి."

మెట్లు తడిగానే ఉన్నాయి. పైలం అనలేదు.

వారం రోజులు మా కప్పు మీద ఏ చప్పుడూ లేదు. అసర్ అయ్యాక కిటికీ తెరిచి నిలబడేదాన్ని. మోటర్ చప్పుడు, మలయాళీల ఇంట్లో టీవీ, అంతే. హారూన్ కింద కార్లు కడుగుతూ కనిపించేవాడు, పైకి వచ్చేవాడు కాదు. ఇంత చేసి నేను కాపాడింది ఏమిటని అనిపించేది. ఉద్యోగం ఉంది, మనిషి ఉన్నాడు, సినిమా పోయింది.

ఎనిమిదో రోజు పిండి కలుపుతున్నాను. పైన ఎవరో నడుస్తున్నారు. బరువైన పాదాలు. తర్వాత మన్వర్‌లోకి ఎవరో వంగినట్టు వెలుతురు కొంచెం తగ్గింది. నర్సింలు గొంతు నేరుగా మా కిటికీ మీదికి దిగింది.

"ఆసిఫా బిడ్డా! ఇంటున్నవా? ఇది సినిమా! మల్ల జెప్తున్న, సినిమా! నీ నాయనకు గూడ జెప్పు!"

ఈజిప్టువాళ్ల ఇంట్లో ఎవరో కిటికీ మూసుకున్నారు. అమ్మ లోపలి నుంచి, "ఏందంట?" అంది. పైన నోటితో వాద్యం మొదలైంది.

అప్పటినుంచి రోజూ అంతే. ముందు ఆ కేక, ఆ తర్వాత కొట్లాట. నాయన ఇంట్లో ఉంటే నవ్వుతాడు. మెట్ల మీద ఆయన, నర్సింలు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. నాతో మాత్రం ఆ కేక ఒక్కటే.

అది క్షమించడమో, ఎగతాళో, హెచ్చరికో నాకింకా తేలలేదు. అందుకే సినిమా చివరిదాకా కిటికీ దగ్గరే నిలబడతాను. టోపీ దోస్తు ఇప్పుడు జేబులోంచి ఏం తీస్తున్నాడో కింది నుంచి కనిపించదు. రుమాలు తీస్తే చప్పుడుండదు. పిస్తోలైతే నర్సింలు నోటితో ఢాం అనకుండా ఉండలేడు, అది నాకు తెలుసు. చెయ్యి పిండిలో ఉంచి వింటాను.

ఇప్పటిదాకా ఆ చప్పుడు రాలేదు.